రెండు దిండ్ల మీద శోకం

లక్డారంలో ఎవరింట చావు జరిగినా మొదటి కబురు రాధమ్మ ఇంటికి వెళ్లేది. డప్పుల వాళ్లకు ఆ తర్వాతే. శోకం తీయడంలో ఆమెను మించినవాళ్లు చుట్టుపక్కల ఐదారు ఊళ్లలో లేరు. పీనుగు పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్కసారి ఊపిరి లోపలికి లాగిందంటే చాలు, అప్పటిదాకా వాకిట్లో భూముల ధరలు మాట్లాడుకుంటున్న మగవాళ్లు కూడా నోళ్లు మూసుకునేవారు. 'దేవుడిలాంటివాడివి, ధర్మరాజులాంటివాడివి' అని అందరికీ ఒకే ఏడుపు ఏడ్చే మనిషి కాదు ఆమె. పోయినవాడు ఏ గట్టు మీదుగా చేనుకు నడిచేవాడో, సద్దిలోకి ఏం నంజుకునేవాడో, ఏ దాయాదితో పదేళ్లు మాట్లాడకుండా ఉండిపోయాడో, అన్నీ వరుసలో పెట్టి రాగం కట్టేది. వింటున్నవాళ్లకు ఆ మనిషి మళ్లీ ఒకసారి కళ్లముందు నడిచి వెళ్లినట్టుండేది.

ఆ పనికి రెండు కట్టుబాట్లున్నాయి. చావు లేని చోట శోకం ఎత్తకూడదు. బతికున్న మనిషి పేరు శోకంలో పెట్టకూడదు. పెడితే ఆ మనిషి ఆయువు తరుగుతుంది. మొదటి కట్టుబాటును రాధమ్మ పద్నాలుగు నెలల కింద తప్పింది. ఆశపడి కాదు, ఒళ్లు మండి.

ఆ రోజు ఊరి చివర పాత పెంకుటింట్లో 'ముత్తైదువు శపథం' అనే టీవీ సీరియల్ షూటింగ్ జరుగుతోంది. తాత చచ్చిపోయే సీను. పట్నం నుంచి వ్యానులో దింపిన ఎనిమిది మంది ఆడవాళ్లు ఒకే రంగు చీరలు కట్టుకుని శవం చుట్టూ చేరి "అయ్యో, అయ్యో" అంటున్నారు. ఒకామె బబుల్‌గమ్ నములుతోంది. ఇంకొకామె ఏడుస్తూనే జడ సర్దుకుంటోంది. గోడవతల నుంచి చూస్తున్న రాధమ్మకు రోత పుట్టింది.

"గిట్లనా ఏడ్సేది?" అంది పక్కవాళ్లతో, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "పీనుగకే సిగ్గయి లేసి ఇంటికి పోతది."

శవంగా పడుకున్న ముసలాయన ఫక్కుమన్నాడు. షాటు పోయింది.

డైరెక్టర్ దుర్గాప్రసాద్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. వాళ్ల నాన్న భీమవరం వైపు నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, పటేల్‌గూడలో ఇల్లు కట్టుకుని, ఇక్కడివాడైపోయాడు. కొడుకు మాత్రం ఎక్కడివాడూ కాలేదు. ఎండలో కూడా మెడకు మఫ్లర్ చుట్టుకుని తిరిగేవాడు.

"అయితే మీరు ఏడ్చి చూపించండమ్మా," అన్నాడు ఎగతాళిగా.

"సావు లేంది ఎట్లేడుస్త సారు?"

"మేమూ పద్ధతులు తప్పేవాళ్లం కాదు. పొద్దున్నే గుమ్మడికాయ కొట్టాం. దోషం ఏమన్నా ఉంటే దానికే పోతుంది."

ఆ మాట అతను నవ్వులాటకు అనలేదు. చావు సీను ఉన్న రోజు గుమ్మడికాయ పగలందే కెమెరా మూత తీయనిచ్చేవాడు కాదు. ఎడమ కన్ను అదిరితే లంచ్ బ్రేక్ ముందుకు జరిపే రకం.

రాధమ్మ వెళ్లి కూర్చుంది. చనిపోయిన తన తల్లిని తలచుకుంది. ఊపిరి లాగింది. నిమిషం తిరగకుండా లైట్లు పట్టుకున్న కుర్రాళ్లు కళ్లు తుడుచుకున్నారు, బబుల్‌గమ్ ఆమె దాన్ని మింగేసింది. ఒక్క టేకులో అయిపోయింది. ప్రొడక్షన్ మేనేజర్ నరసరాజు పరిగెత్తుకొచ్చి ఆమె ఫోన్ నంబర్ రాసుకున్నాడు.

పట్నం వాళ్ల మొహాన తన పనితనం కొట్టి వచ్చానన్న గర్వంతో ఆమె ఆ రోజు ఇంటికి వెళ్లింది. వాళ్లంటే అంత రోత పుట్టినప్పుడు ఉమ్మేసి పోవలసింది. కానీ తెలియనివాడికి తెలిసినవాడు చేసి చూపించకుండా ఉండలేడు. ఇరుక్కునేది అక్కడే.

*

పటేల్‌గూడలో అద్దెకు తీసుకున్న మూడంతస్తుల ఇల్లు ఆ సీరియల్‌లో జమీందారీ భవనం. ముందు గదిలో ప్లాస్టర్ ఏనుగులు, వెనక గదిలో చెదలు. రాధమ్మకు పెద్దత్త వేషం ఇచ్చారు. ఉదయం ఊళ్లో షేర్ ఆటో ఎక్కి పటాన్‌చెరులో దిగి, అక్కడ ఇంకో ఆటో పట్టుకుని తొమ్మిదికల్లా అక్కడుండాలి. పెద్దత్తకు పని ఒక్కటే, ఏడవడం. కొడుకు ఇల్లు విడిచిపోతే ఏడవాలి. కోడలికి విషం పెడితే ఏడవాలి. ఆ విషం పొరపాటున పిల్లి తాగితే పిల్లికీ ఏడవాలి. పద్నాలుగు నెలల్లో ఆ ఇంట్లో పదకొండు మంది చచ్చారు. అందులో ముగ్గురు తిరిగొచ్చారు. ఒకడైతే తన పదో రోజు నాడే, గారెల వాసనకు లేచొచ్చినట్టు, గుమ్మంలో నిలబడ్డాడు.

వాడి కోసం నాలుగు రోజులు గొంతు చించుకున్న రాధమ్మ ఆ సాయంత్రం మేకప్ తుడుచుకుంటూ అంది: "సచ్చినోడు వాపసొస్తడు గనీ, ఏడ్సినోళ్ల ఏడ్పు వాపస్ రాదు."

కోడలి వేషం రమ్యశ్రీది. కంట్లో గ్లిజరిన్ వేయించుకుని, కాటుక చెదరకుండా, బొట్టు బుగ్గ మీద ఏ మేరకు జారాలో అద్దంలో చూసుకుని ఏడ్చేది. షాటుకూ షాటుకూ మధ్య అదే కన్నీటితో ఫోన్‌లో రీల్ తీసుకునేది, కన్నీళ్లు వృథా పోకుండా.

"ఆంటీ, మీరు అంత నేచురల్‌గా ఎలా ఏడుస్తారు? ఏదైనా టిప్ చెప్పరా?" అని అడిగింది ఒకసారి.

"మీ ఇంట్ల ఎవలన్న పోయిన్రా బిడ్డా?"

"లేదాంటీ. లాస్ట్ ఇయర్ మా డాగ్ పోయింది."

"ఇగ దాన్నే తలుసుకో. ఈ సీరియల్‌కు అదే సరిపోతది."

రమ్యశ్రీ థాంక్స్ చెప్పింది. రాధమ్మకు ఆ అమ్మాయి మీద కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఎదుట మనిషి ఉండాలి కదా.

చిట్కా ఏమీ లేదు. రాధమ్మకు ఒట్టి ఏడుపు రాదు, అంతే. పోయినవాళ్లు ఎవరో ఒకరు కావాలి. మొదట తల్లి వచ్చింది. మూడు చావులకూ ఒక జైలు సీనుకూ వచ్చింది. ఆ తర్వాత ఒకనాడు తల్లిని తలచుకుంటే తల్లి రాలేదు. లైటు స్టాండు వచ్చింది. అది ఊగకుండా దాని కాలి కింద పెట్టిన ఇటుక వచ్చింది. 'యాక్షన్' అన్న కేక వచ్చింది. తల్లి వేళ్లు ఎలా ఉండేవో ఎంత గుంజినా గుర్తు రాలేదు. అప్పుడు అత్తను తెచ్చింది. బతికున్నప్పుడు ఎంత గట్టిమనిషో, చచ్చాక అంత తొందరగా అరిగిపోయింది. ఆ తర్వాత లారీ కింద పడి పోయిన తమ్ముడు శ్రీశైలం. వాడు చాలా రోజులు వచ్చాడు. పాపం, ఉన్నప్పుడూ అక్క చెప్పిన పని ఏదీ కాదనేవాడు కాదు. చివరికి వాడూ అయిపోయాడు. ఫొటోలో తమ్ముణ్ణి చూస్తే ఇప్పుడు ఆమెకు ఏమీ అనిపించదు. ఎక్కడో చూసిన మనిషిలా ఉంటాడు.

ఇదంతా ఎవరికి చెప్పుకోవాలి? భర్త ఎల్లయ్య బొల్లారంలో మందుల కంపెనీలో కాంట్రాక్టు పని. షిఫ్టు దిగి వచ్చేసరికి కళ్లు ఎర్రగా, ఒళ్లంతా ఏదో ఘాటు వాసనతో ఉంటాడు. "ఏడుస్తే పైసలిస్తున్నరంటే మంచిదే గదనే, మేము నవ్వుకుంట చేసినా ఇస్తలేరు," అనేవాడు.

ఆ ఎండాకాలంలో ఎల్లయ్యకు పెదనాన్న కొడుకైన రామన్న పోయాడు. రాధమ్మ వెళ్లి పీనుగు పక్కన కూర్చుంది. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. మొదటి రెండు వరుసలు బాగానే వచ్చాయి. ఎవరో దూరపు చుట్టానికి చూపించడానికి ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. రాధమ్మ తనకు తెలియకుండానే కొంగు కిందికి దించి, ముఖం అటువైపు తిప్పింది. మూడో వరుస పాడి ఆగింది. అందరూ తర్వాతి వరుస కోసం చూస్తున్నారు. ఆమె కూడా ఎదురు చూస్తోంది. ఎవరో 'కట్' అంటారని.

రామన్న భార్య తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. "ఆపినవేందే రాధా? మా ఆయినె గింతేనా?"

గొంతు మళ్లీ ఎత్తింది గానీ అది గొంతే, శోకం కాదు. ఊరికి తెలిసిపోయింది. ఆ తర్వాత రెండు చావులకు ఆమె ఇంటికి కబురు రాలేదు.

మరుసటి రోజు సెట్‌లో నరసరాజును అడిగింది. "నాకు గూడ ఆ గ్లిజరిన్ సీస ఇయ్యుండ్రి సారు."

"మీకెందుకండీ రాధమ్మగారూ!" అన్నాడతను, ఆమెను మెచ్చుకుంటున్నానే అనుకుంటూ. "మీది నేచురల్. ఇంట్లో బావి పెట్టుకుని ట్యాంకర్ బుక్ చేస్తామా?"

మానేయవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఎల్లయ్య కాంట్రాక్టు ఎప్పుడు తీసేస్తారో తెలియదు, అది ఒక మాట. పటాన్‌చెరు కూరగాయల మార్కెట్‌లో ఆమెను చూసి ముక్కూ మొహం తెలియనివాళ్లు 'పెద్దత్తా' అని పిలుస్తారు, అది ఇంకో మాట. రెండోదాన్ని ఆమె ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

పోయినవాళ్లలో ఒక్కరిని మాత్రం ఆమె ఆ ఇంటి గడప తొక్కనివ్వలేదు. ఆమె బిడ్డ హర్షిణి. రెండో తరగతిలో ఉండగా జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది. పద్నాలుగేళ్లయింది. ఆ రోజు లక్డారం లక్డారమంతా రాధమ్మ వాకిట్లో నిలబడి ఆమె శోకం కోసం ఎదురుచూసింది. ఊరందరికీ ఏడ్చిన మనిషి సొంత బిడ్డకు ఎలా ఏడుస్తుందో అని. రాధమ్మ నోరు తెరవలేదు. పెదవులు బిగపట్టుకుని, పిల్ల కాళ్లు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. మనసు రాయి అన్నారు కొందరు. ఆ శోకం ఆ రోజు రాలేదు, తర్వాతా రాలేదు. లోపల ఎక్కడో అలాగే ఉంది. అది ఉన్నన్నాళ్లు పిల్ల ముఖం కూడా ఉంది, చెదరకుండా. సీరియల్ తిననిది ఆమెకు మిగిలింది అదొక్కటే.

*

ఏ ఏడుపూ రేటింగును లేపని వారంలో కథ రాసేవాళ్లు పిల్ల మీద పడ్డారు. ఇంట్లో ఏడేళ్ల మనవరాలు చచ్చిపోవాలి, పెద్దత్త ఏడవాలి.

"పిల్ల సావు నేను చెయ్య సారు," అంది రాధమ్మ. "పిల్లి సస్తె ఏడ్సిన. ఇది మాత్రం నాతోని గాదు."

దుర్గాప్రసాద్ ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు. "అమ్మా, పెద్దవాళ్లు చస్తే ఎవరూ చూడట్లేదమ్మా. ఈ వారం అంతా మీ మీదే ఉంది."

"గ్లిజరిన్ ఇస్తె కూసుంట. గంతే. నా లోపటికెంచి ఏం రాదు."

"సరే, అలాగే కానివ్వండి. గ్లిజరినే," అన్నాడతను. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే ఆమె అనుమానించవలసింది.

షూటింగ్ రోజు మనవరాలి వేషం వేసే పాప తల్లిదండ్రులు అడ్డం తిరిగారు. తమ పిల్లను శవంలా పడుకోబెట్టడానికి వీల్లేదన్నారు. ఎంత చెప్పినా వినలేదు, పాపను కారెక్కించుకుని వెళ్లిపోయారు. దుర్గాప్రసాద్ వాళ్లను ఏమీ అనలేదు. "తల్లిదండ్రులు కదా, వాళ్ల సెంటిమెంట్ వాళ్లది," అన్నాడు పెద్దమనిషిలా. నరసరాజు పై గదిలోంచి రెండు దిండ్లు తెచ్చి చాప మీద వరుసగా పెట్టి, తెల్లగుడ్డ కప్పాడు.

రాధమ్మకు ఒక విధంగా ఊరటే అయింది. దిండ్లకు ఏడవడానికేముంది? కళ్లలో చుక్కలు వేయించుకుని కూర్చుంది. పక్కన రమ్యశ్రీ శోకమూర్తిలా గోడకు ఒరిగింది, ఫోన్ చీర కుచ్చిళ్ల కింద దాచుకుని.

"స్టార్ట్ కెమెరా. యాక్షన్."

రాధమ్మ నోటికి వచ్చింది ఏదో రాగంలో అంది. అందులో ఏమీ లేదు, ఉండకూడదనే అంది. అప్పుడు మానిటర్ వెనక నుంచి దుర్గాప్రసాద్ గొంతు మెల్లగా, దేవుడి గుళ్లో మాట్లాడినట్టు వచ్చింది.

"అమ్మా... మీ పాపను తలుచుకోండి. హర్షిణి. ఏడేళ్లు కదా. ఈ గుడ్డ కింద ఉన్నది హర్షిణే అనుకోండి."

ఆ పేరు ఆ ఇంట్లో వినిపించగానే రాధమ్మ చేతులు తెల్లగుడ్డ మీద పడ్డాయి. పద్నాలుగేళ్లు బిగపట్టిన పెదవులు విడిపోయాయి. ఆమె ఆపుకుందామనే చూసింది. కడుపులోంచి వచ్చేదాన్ని గొంతు ఆపలేదు.

"ఓ నా బిడ్డా... హర్షిణీ... బడిల గుడ్డు వెడితె సగమే తింటివి బిడ్డా... సగం సంచిల దాస్తివి బిడ్డా... అమ్మకు దెచ్చిన్నంటివి బిడ్డా... పుస్తకాలన్ని సొన వాయె బిడ్డా... నేను జూడకపోతిని, నిన్ను గొడ్తిని బిడ్డా... తెల్లారి జ్వరమాయె బిడ్డా... గుడ్డు నా చేతుల వెట్టి ఏడ్వకపోతివి బిడ్డా... ఈ చెయ్యి పడిపోకపాయె బిడ్డా..."

"కట్! కట్! సూపర్!"

చప్పట్లు కొట్టారు. నరసరాజు నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. రమ్యశ్రీ "గూస్‌బంప్స్ ఆంటీ" అని తన మోచేయి చూపించింది. రాధమ్మ దిండ్ల మీంచి చేతులు తీసుకుని వాటి వంక చూసుకుంది. గుడ్డ ఒక పక్కకు జారి, నీలం పూల దిండు గలేబు బయటికి కనిపిస్తోంది.

కెమెరా అతను అదే చెప్పాడు. "సార్, చివర్లో దిండు పడింది."

"పర్లేదు, అక్కడ రమ్య రియాక్షన్ వేసుకుందాం," అన్నాడు దుర్గాప్రసాద్. ముఖం వెలిగిపోతోంది. "ఈ టేక్ బంగారం. ప్రోమోకు కూడా ఇదే. పేరొక్కటే డబ్బింగ్‌లో 'చిన్నీ' అని మార్చేద్దాం. ఎందుకైనా మంచిది, సేఫ్టీకి ఇంకోటి తీద్దాం. అమ్మా, సేమ్ ఇదే. ఆ గుడ్డు మాత్రం మర్చిపోకండి. అది చాలా బాగుంది."

ఆ గుడ్డు. రాధమ్మ అతని వంక చూసింది. అతను నిజంగానే మెచ్చుకుంటున్నాడు. అదే అన్నిటికంటే అసహ్యంగా తోచింది. పగబట్టి చేసినవాడైతే పగ తీర్చుకోవచ్చు. ఇతనికి తాను ఏం చేశాడో కూడా తెలియదు. రేపు రెండున్నరకు, సబ్బు ప్రకటనకూ పప్పు పొడి ప్రకటనకూ మధ్య, ఊరూరా ఆడవాళ్లు కూర తరుగుతూ ఆమె బిడ్డ గుడ్డు దాచిన సంగతి వింటారు, ఎవరో చిన్ని అనుకుని. వారానికి నాలుగుసార్లు ప్రోమో వస్తుంది. ఆ తర్వాత పిల్లను తలచుకుంటే దిండు గలేబు మీది నీలం పూలు వస్తాయి.

"గది తీసెయ్యి సారు," అంది.

"ఏది?"

"ఇప్పుడు నేను ఏడ్సింది. నా బిడ్డది. అది మీ సీరియల్‌ది గాదు. తీసెయ్యుండ్రి."

"అమ్మా, ఎమోషనల్ అవకండి. మీ బిడ్డకు ఇది నివాళి అనుకోండి." వాచీ చూసుకున్నాడు. "రెడీ. స్టార్ట్ కెమెరా."

రాధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊపిరి లోపలికి లాగింది. ఈసారి ఆ ఇల్లు పద్నాలుగు నెలల్లో వినని పెద్ద శోకం లేచింది, ఊళ్లో పెద్దమనుషులు పోతే తీసేది.

"ఓ నా అయ్యా..."

దుర్గాప్రసాద్ హెడ్‌ఫోన్స్ సర్దుకుని, బాగుంది అన్నట్టు తలూపాడు.

"ఓ నా అయ్యా... దుర్గాపెసాదూ... పటేల్‌గూడ పాణమా... నిండు వయసుల వోతివా అయ్యా... ఎండకాలం గూడ మెడకు మఫ్లరు సుడ్తివి అయ్యా, ఆ మెడ ఇప్పుడు వాలిపాయెనా అయ్యా... అమ్మ వీరలక్ష్మమ్మ డబ్బ గట్టి పంపె అయ్యా... బెండకాయ అని మొగం దిప్పితివి అయ్యా... తినకనే వోతివా అయ్యా..."

లైటు పట్టుకున్నవాడు లైటు దించేశాడు. రమ్యశ్రీ ఫోన్ జారి నేల మీద పడింది. దుర్గాప్రసాద్ తల ఇంకా ఊగుతూనే ఉంది. తన పేరు చెవిలోంచి లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. దిగాక హెడ్‌ఫోన్స్ తీసి పారేశాడు.

"కట్! కట్! ఏంటమ్మా ఇది? ఆపండి!"

రాధమ్మ ఆపలేదు. శోకం 'కట్' అంటే ఆగదు; పద్నాలుగు నెలలు సెట్‌లో చూసినవన్నీ వరుసలోకి వస్తున్నాయి. చాప మీంచి లేచి, రొమ్ము మీద చరుచుకుంటూ, మానిటర్ ముందున్న అతని కుర్చీ దగ్గరకు వచ్చి కూర్చుంది. పీనుగు తల దగ్గర కూర్చున్నట్టు.

"బీపీ గోలీలు జేబులనే ఉండె అయ్యా... వేసుకునేటోడు లేకపాయె అయ్యా... ఎడమ కన్ను అదిరితె పని ఆపుతివి అయ్యా... ఇయ్యాల ఎందుకు ఆపకపోతివి అయ్యా..."

"నరసరాజుగారూ! గుమ్మడికాయ! గుమ్మడికాయ తెప్పించండి!"

"పొద్దునే కొట్టేశాం సార్. స్టాకు లేదు."

దుర్గాప్రసాద్ చెయ్యి తనంతట తానే చొక్కా జేబు మీదికి పోయింది. నుదుటి మీద చెమట పట్టింది. పదకొండు మందిని చంపి ముగ్గురిని లేపినవాడు తన పేరు ఒక్కసారి రాగంలో వినేసరికి నీరుగారిపోయాడు. "ఏం కావాలమ్మా నీకు? దండం పెడతాను, ఆపు!"

రాధమ్మ రాగం ఆపకుండానే, రాగంలోనే చెప్పింది: "నా బిడ్డది తీసెయ్యి అయ్యా... లేకుంటె నీ పెద్దకర్మ దాక ఏడుస్త అయ్యా..."

"తీసెయ్! తీసెయ్యవయ్యా బాబూ!" అని అరిచాడు కెమెరా అతని మీద.

"ఈ కెమెరాలో ఒక్క క్లిప్ తీయడం కుదరదు సార్. కార్డు మొత్తం తుడిచేయాలి. పొద్దున తీసిన నాలుగు సీన్లూ పోతాయి."

"నా త్రీ కాస్ట్యూమ్ చేంజెస్!" అంది రమ్యశ్రీ. ఆ రోజంతా ఆమె గొంతులో వినిపించిన నిజమైన బాధ అదొక్కటే.

"పోతే పోనీ! తుడిచెయ్!"

పద్నాలుగు నెలల్లో దుర్గాప్రసాద్ అంత తొందరగా దేన్నీ ఓకే చేయలేదు. రాధమ్మ లేచి వెళ్లి కెమెరా వెనక నిలబడి చూసింది. చదువు రాకపోయినా ఖాళీని గుర్తుపట్టగలదు. అప్పుడు ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీకేం గాదు తియ్యి సారు," అంది మామూలు గొంతుతో. "బతికున్న మనిషివైతె గద, పోయేటందుకు."

వెళ్లబోతూ నరసరాజును అడిగింది, బిడ్డ పేరు ఎలా తెలిసిందని. అతను నేల చూస్తూ చెప్పాడు. ఆధార్ కాగితాల కోసం వాళ్లింటికి వచ్చినప్పుడు గోడ మీద బడి ఫొటో చూశాడట. ఎవరని అడిగితే ఎల్లయ్య చెప్పాడట.

*

రాధమ్మ వారం రోజులు భర్తతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, నీళ్లు తోడింది, మాట మాత్రం లేదు. ఎల్లయ్య కారణం తెలియక, షూటింగుకు ఎందుకు పోవట్లేదో అడిగే ధైర్యం లేక, పిల్లిలా తిరిగాడు.

ఎనిమిదో రోజు అతనికి నైట్ షిఫ్టు. మధ్యాహ్నం ఇంట్లో పడుకుని లేచి, అలవాటు కొద్దీ రెండున్నరకు టీవీ పెట్టాడు. జమీందారీ భవనం ముందు గదిలో, ప్లాస్టర్ ఏనుగుల మధ్య, రాధమ్మ ఫొటో. దానికి ప్లాస్టిక్ పూల దండ. పెద్దత్త తీర్థయాత్రకు పోతూ బస్సు లోయలో పడి చనిపోయిందట. రమ్యశ్రీ ఫొటో ముందు నిలబడి, బుగ్గ మీద సగం దాకా జారిన బొట్టును అక్కడే ఆపి చూపిస్తోంది.

ఎల్లయ్య అదిరిపడి టీవీ కట్టేశాడు. "ఏందే ఇది! బతికున్న మనిషికి దండేసిండ్రు! అడిగేటోడు లేడనుకుంటున్నరా?"

రాధమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వారం తర్వాత మొదటిసారి నోరు తెరిచింది. "ఆళ్ల దండకు సస్తె ఈపాటికి దేశంల సగం మంది సద్దురు. నీ నోట్ల నువ్వుగింజ నానదా? బిడ్డ పేరు ఆనికెందుకు జెప్పినవ్?"

"ఎవనికి?"

"ఆ మేనేజరుకు."

"ఆయన అడిగిండు. ఎవలూ అడుగరు గద దాని గురించి. ఎన్ని ఏండ్లాయె." ఎల్లయ్య ఆగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "అడిగిండని చెప్పిన. మంచిగనిపిచ్చింది చెప్తుంటె."

రాధమ్మ చేతిలోని రాళ్లు కింద పోసింది. చేట పక్కన పెట్టి జరిగిందంతా చెప్పింది. దిండ్లు, గుడ్డ, మానిటర్ వెనక నుంచి వచ్చిన పేరు. రాగం లేదు. కూలి పని చెప్పుకున్నట్టు చెప్పింది.

"ఏమని ఏడ్సినవ్ బిడ్డకు?" అని అడిగాడు ఎల్లయ్య.

ఆమె గుడ్డు సంగతి చెప్పింది. పుస్తకాలకు సొన అంటిందని కొట్టిన సంగతి కూడా. పద్నాలుగేళ్లలో మొదటిసారి భర్తకు చెప్పింది. అతను తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

ఎల్లయ్య తలవంచుకుని, గోరుతో చాప అంచు గీకుతూ కూర్చున్నాడు. "బడిల గుడ్డు వెట్టిన్నాడల్లా నాకే దెచ్చేది," అన్నాడు చివరికి. "నేను షిఫ్టు దిగి వస్తుంటె బస్సు కాడికి ఉరికొచ్చేది. సగం నాకిచ్చి, అమ్మకు జెప్పకు అనేది. ఆ దినం నా బస్సు లేటాయె. గందుకే నీకు దెచ్చినట్టుంది."

రాధమ్మ అతని వంక కళ్లార్పకుండా చూసింది. ఏడుస్తుందేమోనని ఎల్లయ్య భయపడ్డాడు. ఆమె చేట ఎత్తి నేలకేసి కొట్టింది. బియ్యం గది నిండా చెదిరాయి.

"రోజు నువ్వు తినుకుంట వచ్చినవా? ఎదిగే పిల్ల నోటికాడిది? సిగ్గు శరం లేదా నీకు? ఇంత పెద్ద మనిషివి, సగం గుడ్డుకు బస్సు కాడ చెయ్యి సాపుతవా? పిల్ల బక్కగ ఎందుకున్నదని టీచరమ్మ అడిగితె నేను నెత్తి గీక్కున్న. రేపటికెంచి..."

అక్కడ ఆగింది. ఎల్లయ్య తల ఎత్తలేదు.

"ఆఁ, రేపటికెంచి?" అన్నాడు మెల్లగా. "అను. తిట్టు. నేనున్న గద."

రాధమ్మ తిట్టింది. గోడ మీది ఫొటో వంక చేయి చూపిస్తూ, తండ్రినీ బిడ్డనూ కలిపి, తనకు చాటుగా నడిపిన ఆ గుడ్డు బేరానికి ఇద్దరినీ, పొద్దు వాలి కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టేదాకా తిట్టింది.